131 ట్రాకులు, ఒకటే ఫోల్డర్

ఈసారి ఉత్తరం విజయవాడ సింగ్‌నగర్ నుంచి. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు. వయసు 31. పగలు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో పని, టీజర్లకీ రీల్స్‌కీ మ్యూజిక్ కట్టేది కూడా ఇతనే. ముహూర్తాలున్న రోజుల్లో సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డ్. భార్య ప్రైవేట్ స్కూల్లో టీచరు, పది నెలల పాప. రాత్రి పదకొండు నుంచి రెండింటిదాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సొంత మ్యూజిక్ చేసుకుంటాడు. పాటలు కావు, అన్నీ ఇన్‌స్ట్రుమెంటల్సే.

అందులో మళ్ళీ నాలుగు సైడ్ ప్రాజెక్టులు. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పటి నీళ్ళ హోరు, రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్లు, పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్ గోల రికార్డ్ చేసి వాటిమీద సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ సౌండ్లు) వాయించడం ఒకటి. సన్నాయి, డోలుతో ఎలక్ట్రానిక్ ఇంకోటి. పాత వీడియోగేమ్ సౌండ్లతో మూడోది. గుంటూరులో ఉండే ఒక ఫ్లూట్ ఆర్టిస్టుతో కలిసి నాలుగోది, ఆయన విజయవాడ రేడియోలో బి-హై గ్రేడ్ (ఆకాశవాణి ఆడిషన్ పెట్టి ఇచ్చే గ్రేడ్) ఆర్టిస్టు, ఇతనికంటే పన్నెండేళ్ళు పెద్ద. నాలుగింటికీ నాలుగు పేర్లు, నాలుగు లోగోలు, నాలుగు పేజీలు.

అయిదేళ్ళలో రిలీజ్ చేసినవి నాలుగంటే నాలుగు. మిగతావన్నీ "ఫైనల్ చెయ్యాలి" అనే ఫోల్డర్లో ఉన్నాయి, 131. వాటిలో 58 మునిగిపోయినవి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు సీపీయూతో పాటు బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా పోయింది, ఫ్రెండ్స్‌కి వాట్సాప్‌లో పంపిన ఎంపీత్రీలు మాత్రం మిగిలాయి. వాటిని ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కట్టాలని అప్పట్నుంచీ కూర్చుంటున్నాడు, ఇప్పటికి రెండయ్యాయి. ఇంకో 66 మొదలుపెట్టి ఆపేసినవి. 7 ఫ్లూట్ అన్నతో చేసినవి, రికార్డింగ్ అయి రెండేళ్ళు దాటింది.

ఇప్పుడు గుంటూరు నుంచి ఒక షార్ట్ ఫిల్మ్ డైరెక్టర్ తగిలాడు. ఆ ఫోల్డర్లోంచి 12 ట్రాకులు "అన్ని హక్కులతో" ఇరవై వేలకి ఇచ్చెయ్యమంటున్నాడు, అందులో రెండు ఫ్లూట్ అన్న వాయించినవి. భార్య ఏమో "నువ్వు రాత్రిళ్ళు ఏం చేస్తున్నావో నాకు తెలీదు, ఒక్కటన్నా పూర్తిగా వినిపించు" అంది. దానికి ఇతనికి కోపం రాలేదట, సిగ్గేసిందట. ఫ్లూట్ అన్న ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. చివర్లో ఇలా అడిగాడు: "అక్కా, అన్నీ డిలీట్ చేసి ప్రశాంతంగా ఉండమంటారా, డైరెక్టర్‌కి అమ్మేయమంటారా, లేక ఉద్యోగం మానేసి ఆర్నెల్లు కూర్చుని మొత్తం పూర్తి చెయ్యమంటారా?" కింద ఇంకో లైను, కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ వాయిద్యాల్నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఈఎమ్ఐలో తీసుకోవచ్చా అని.

తమ్ముడూ,

అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పాపం కుర్రాడికి బద్ధకం, దానికి బుడమేరు తోడైంది అనుకున్నా. రెండోసారి పెన్ను పట్టుకుని చదివితే వేరేది కనపడింది. నువ్వు "పూర్తవ్వనివి 131" అని ఒక అంకె రాసి దాన్ని నెత్తిమీద పెట్టుకుని తిరుగుతున్నావు గానీ, ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ ఒక జాతివి కావు. కొన్ని పోయినవి, కొన్ని చిన్నవి, కొన్ని ఇంకొకరికి బాకీ ఉన్నవి. పోయినవాటికి చెయ్యాల్సింది వేరు, బాకీకి చెయ్యాల్సింది వేరు కదా. అన్నిటికీ "ఫైనల్ చెయ్యాలి" అని ఒకే పేరు పెట్టి రాత్రి పదకొండింటికి ఆ ఫోల్డర్ ఓపెన్ చేస్తే ఎవడికైనా ఇంకో కొత్త ప్రాజెక్ట్ మొదలెట్టాలనే అనిపిస్తుంది. నాలుగు సైడ్ ప్రాజెక్టులు అలాగే పుట్టుంటాయని నా అనుమానం.

ముందు ఆ 66 సంగతి చూద్దాం, నీ ఉత్తరంలో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది అదే. నువ్వు ఉదాహరణకని ఓ పది ట్రాకుల నిడివి రాశావు చూడు, 1:05, 1:10, 1:12, 1:20, మళ్ళీ 1:08. ఒక్కటంటే ఒక్కటి కూడా రెండు నిమిషాలు దాటలేదు. "ఐడియా అయిపోతుంది అక్కా" అన్నావు. అయిపోతోంది ఐడియా కాదేమో అని నా డౌటు, నువ్వు పగలు చేసే పనేంటి? పెళ్ళి టీజర్. అదెంత ఉంటుంది? నిమిషం. అందులో నలభయ్యో సెకనుకి తాళి కట్టాలి, యాభైకి తలంబ్రాలు, అరవైకి పేర్లు పడాలి. ఏడేళ్ళుగా రోజూ అదే కొలత కొడుతుంటే చెయ్యి దానికే అలవాటుపడుతుంది, టైలరు చెయ్యి టేపు లేకుండా కొలత పట్టేసినట్టు. నీ సొంత ట్రాకులు కూడా అరవయ్యో సెకనుకి పేర్లు పడాల్సినట్టే ఊపిరి తీసుకుంటున్నాయి, ఆ తర్వాత ఏం చెయ్యాలో వాటికి తెలీదు.

నేను ఊహించి చెప్తున్నానని అనుకోకు, సాక్ష్యం నువ్వే రాశావు. నాలుగో పేజీలో మధ్యలో ఎక్కడో "పాప పడుకోడానికి చిన్న చిన్నవి ఓ తొమ్మిది చేశాను, ఒక్కోటి నాలుగైదు నిమిషాలు ఉంటాయి, అవి లెక్కలోవి కాదులెండి" అన్నావు. ఎందుకు కావయ్యా? తొమ్మిది పూర్తి ట్రాకులు, నాలుగైదు నిమిషాలవి, రోజూ వినే శ్రోతతో సహా. అక్కడ నిమిషానికే ఎందుకు ఆపలేదంటే, ఆపితే పాప లేస్తుంది కాబట్టి. అంటే నీకు సాగదీయడం చేతకాక కాదు, సాగాల్సిన అవసరం ఉన్నచోట సాగించావు. ఇది పట్టుకో.

ఇప్పుడు ఈ 66కి దారులేంటంటే, ఒకటి, నిమిషం ట్రాకుని నిమిషం ట్రాకుగానే ఒప్పుకోవడం. ఇందులో తప్పేం లేదు. రేడియో పెట్టగానే పొద్దున్నే వచ్చే ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ ఉంది చూడు, తంబురా మీద వయొలిన్, శివరంజని రాగం ఛాయ. 1930ల్లో వాల్టర్ కాఫ్‌మన్ అనే ఆయన కట్టాడని చెప్తారు, యూరప్ నుంచి బతుకు వెతుక్కుంటూ ఇక్కడికొచ్చిన మనిషి. అదెంత సేపు? నిమిషం కూడా ఉండదు. మా అమ్మకి ఆ ట్యూన్ వినపడితే పాలు పొయ్యిమీద పెట్టే టైము అయినట్టు. దాన్ని ఎవరూ "పూర్తి కాలేదు" అనలేదు. నీ బ్యారేజీ నీళ్ళ ట్రాకులు కొన్ని అలా నిమిషం ముక్కలుగానే బాగుంటాయనిపిస్తోంది, ఒక పదహారో పద్దెనిమిదో ఏరి వరసగా పేర్చి ఒక ఆల్బమ్ అనొచ్చు. నష్టం ఏంటంటే, జనం వాటిని రీల్స్ బిట్లు అనుకునే ప్రమాదం ఉంది, నీకు పొడుగు పని మీద ఆశ ఉంటే ఈ దారిలో ఆ ఆశ అలాగే ఉండిపోతుంది.

రెండోది, నిజంగా సాగించడం నేర్చుకోవడం. దీనికి యూట్యూబ్‌లో ఇంగ్లీషు వీడియోలు చూశానని రాశావు, చూడు తప్పులేదు, గానీ నువ్వు చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నానని కూడా రాశావు కదా, అదెందుకు వాడట్లేదు? కీర్తనలో పల్లవి ఒక్క లైనే ఉంటుంది. దాన్నే సంగతులు వేస్తూ పాడతారు, మొదటి సంగతి సాదాగా, రెండోదానికి చివర చిన్న మెలిక, మూడోది పైకి ఒక అడుగు, అలా. ఒకటే లైనుతో రెండు నిమిషాలు కూర్చోబెడతారు, ఎవరికీ విసుగు రాదు. నీ దగ్గరున్నది సంగతులు లేని పల్లవి, ఆ ఎనిమిది బార్ల లూప్‌ని (తిరిగి తిరిగి మోగే ముక్కని) అలాగే కాపీ పేస్ట్ చేసి విని "బోర్ కొడుతోంది" అని ఆపేస్తున్నావు. బోర్ కొట్టదా మరి! ప్రతిసారీ ఒక్క చోట ఒక్కటి మార్చు, అంతే. అనుపల్లవి వచ్చేసరికి ట్యూన్ తారస్థాయికి వెళ్తుంది, నువ్వూ అలాగే పై షడ్జమం, అంటే పై 'స' దాకా తీసుకెళ్ళు. చరణంలో కిందకొచ్చి కాస్త నిదానంగా కూర్చో, డ్రమ్స్ తీసేసి చూడు, లేదా నాలుగేసి లెక్కల చతురశ్రం నడక కాస్తా మూడేసి లెక్కల తిశ్రం చెయ్యి. ఎండింగ్ దొరకట్లేదన్నావు, ఎండింగ్‌కి కొత్త ఐడియా దేనికి? ఎత్తుగడకి, అంటే మొదటి లైనుకి తిరిగొచ్చెయ్యడమే, త్యాగరాజు దగ్గర్నుంచీ అందరూ చేసింది అదే.

లవంగి రాగంలో ఒక ట్రాక్ మొదలెట్టి నాలుగు స్వరాలతో ఖాళీగా ఉందని వదిలేశానన్నావు చూడు, అది చదివి నవ్వొచ్చింది. స రి మ ద, ఆ నాలుగే పెట్టి రాగం కల్పించింది మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారే, మన ఊరి మ్యూజిక్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి. మూడే స్వరాలతో త్రిశక్తి అని ఇంకోటి కూడా కల్పించారు. స్వరాలు తక్కువైతే గమకానికీ (స్వరాన్ని ఊపడానికీ) మౌనానికీ చోటు పెరుగుతుంది. నువ్వేమో ఆ చోట్లో ఏడు లేయర్ల సింథ్ ప్యాడ్లు పోశావు. అందులోంచి అయిదు మ్యూట్ చేసి మళ్ళీ విను, నాకెందుకో అది సగం పూర్తయినట్టే అనిపిస్తోంది.

మూడో దారి అతకడం. కొండపల్లి బొమ్మ చేసేటప్పుడు చేతులు, కాళ్ళు విడివిడిగా తెల్లపొణికి కర్రలో చెక్కి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు కదా. నీ దగ్గర 1:10వి రెండు ఒకే శ్రుతిలో, దాదాపు ఒకే స్పీడులో ఉంటే ఒకదాన్ని పల్లవి చేసి రెండోదాన్ని చరణం చెయ్యొచ్చు, మధ్యలో మక్కు ఒక పది సెకన్లు. 66లో అలాంటి జతలు ఎన్ని దొరుకుతాయో ఒక ఆదివారం కూర్చుని చూడు. దొరక్కపోతే బలవంతంగా అతక్కు, రంగేసినా అతుకు కనపడుతుంది.

ఇక మునిగిన 58. ఇది రాసేటప్పుడు నాకూ చెయ్యి కాస్త ఆగింది, ఆ రోజుల్లో మా చుట్టాలింట్లో కూడా మొదటి అంతస్తు మెట్లదాకా నీళ్ళున్నాయి, పాల ప్యాకెట్ల కోసం పడవ ఎదురుచూశారు. నీ నష్టం చిన్నదని అనను. కానీ ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కట్టాలన్న పట్టుదల చూడు, ఏ ప్లగిన్ (సౌండ్ మార్చే చిన్న సాఫ్ట్‌వేర్) ఏ సెట్టింగ్‌లో ఉందో గుర్తుతెచ్చుకోడానికి నాలుగు రాత్రులు పట్టిందన్నావు ఒక్క ట్రాక్‌కి. ఈ లెక్కన 56 ఉన్నాయి ఇంకా. అవన్నీ అయ్యేసరికి పాప బడికెళ్తుంది.

వీటిని ఏం చెయ్యొచ్చో చెప్తా. ఎంపీత్రీలు ఎలా ఉన్నాయో అలాగే వదలొచ్చు, ఓ పది బాగున్నవి ఏరి. ట్రాకుల్ని యాప్‌లలోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్లు చాలామంది వేవ్ ఫైలు (కుదించని ఆడియో) అడుగుతారు, ఎంపీత్రీని వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయిన క్వాలిటీ తిరిగిరాదు, అది తెలిసే చెయ్యి. డ్రమ్స్, బేసు, మిగతావి విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి, వాటిలో వేస్తే ముక్కలొస్తాయి గానీ ఒకరకమైన నీటిలో మునిగిన సౌండ్ మిగిలిపోతుంది (ఏం చెప్తాం, నీ కేసులో అది న్యాయమే). ఇంకోటి, నాకు నచ్చింది ఇది: ఎంపీత్రీ ఒక్కసారి వినేసి మూసెయ్, మర్నాడు కీబోర్డ్ ముందు కూర్చుని గుర్తున్నది మాత్రమే వాయించు. చేతికి ఏది గుర్తుందో అదే ట్యూన్, గుర్తులేనిది అలంకారం. అలా చేస్తే 58లో పదో పదిహేనో బతుకుతాయి, పాతవాటిలా ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. మిగతావి వాట్సాప్‌లోనే ఉంటాయి, ఉండనీ.

ఇప్పుడు ఆ ఏడు. నీ ఉత్తరం ఎనిమిది పేజీలు, ఫ్లూట్ అన్న గురించి ఆరు లైన్లు. నువ్వు తప్పించుకుంటున్నది ఎక్కడో అక్కడే తెలిసిపోయింది. మిగతా 124 నీ సొంత గొడవ, అవి పూర్తయినా కాకపోయినా ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. ఈ ఏడు మాత్రం అలా కాదు, ఆయన గుంటూరు నుంచి మే నెల ఎండలో బస్సెక్కి వచ్చాడు, నీ గదిలో సౌండ్ పడుతుందని ఏసీ ఆపేస్తే చెమటలు కక్కుకుంటూ మూడు రోజులు వాయించాడు, డబ్బులు కూడా "రిలీజయ్యాక చూద్దాంలే" అన్నాడు. రెండేళ్ళు. తర్వాత నువ్వే రాశావు, రెండు టేకుల్లో ఫ్యాన్ హమ్ పడింది, అది చెప్పడానికి మొహం చెల్లక వాయిదా వేశానని.

నా సొంత సంగతి ఒకటి చెప్తా. గాంధీనగర్‌లో మేము చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపే రోజుల్లో, క్యాసెట్ల కాలం అది, దసరాకి అమ్మవారి పాటల క్యాసెట్లు వేలల్లో పోయేవి, అలాంటి సీజన్లో టేపు దొరక్క ఒక సన్నాయి విద్వాంసుడి రికార్డింగ్ మీద నేనే ఇంకోటి ఎక్కించేశాను. పొరపాటునే. ఆయనకి చెప్పలేదు. ఆయన వచ్చినప్పుడల్లా "మిక్సింగ్‌లో ఉందండీ" అన్నాను, మూడేళ్ళు అన్నాను. చివరికి చెప్పినప్పుడు ఆయన "టేపుదేముందమ్మా, మళ్ళీ వాయించేవాణ్ణిగా, ఇప్పుడు పళ్ళు పోయాయి" అన్నాడు. ఇంతే జరిగింది. ఆయన తిట్టనూ లేదు.

కాబట్టి ఆయనకి ఫోన్ చెయ్యి, ఫ్యాన్ హమ్ సంగతి చెప్పు. చెప్పాక మీ ఇద్దరి ముందూ కొన్ని దారులుంటాయి. ఆ రెండూ మళ్ళీ రికార్డ్ చెయ్యొచ్చు, ఈసారి డిసెంబర్లో. లేదా హమ్ తగ్గించి అలాగే ఉంచెయ్యొచ్చు, ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండే హమ్ తీయడం నీకు తెలిసిన పనే, మరీ గీకేస్తే ఫ్లూట్‌లో ఊపిరి కూడా పోతుంది, అది ఆయనకి వినిపించి ఆయన్నే ఎంచుకోమను. లేదా ఏడింటి స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికి విడిగా ఉన్న ఫైళ్ళు) ఆయనకి ఇచ్చేసి "అన్నా, నావల్ల కావట్లేదు, నువ్వు ఎవరితోనైనా పూర్తి చేయించుకో" అనొచ్చు. ఈ మూడోదానికి నీకు మనసు ఒప్పదు, తెలుసు, కానీ అది కూడా మర్యాదైన దారే. ఆయన కోప్పడొచ్చు, అసలు ఇక కలిసి చెయ్యననొచ్చు. అన్నా అదొక జవాబు, ఫోన్ మోగినప్పుడల్లా గుండె దడ తగ్గుతుంది.

ఏ దారైనా ఒక కాగితం రాసుకోండి. ట్యూన్ ఎవరిది, వాటా ఎంత, పేరు ఎలా పడాలి అని. ట్యూన్ నువ్వు కట్టినా వాయించినవాడికి మన చట్టంలో విడిగా హక్కు ఉంది, పెర్ఫార్మర్స్ రైట్ అంటారు. వాట్సాప్ మెసేజ్‌లో రాసుకున్నా ఏమీ లేనిదానికంటే నయం.

అందుకే డైరెక్టర్‌కి ఆ రెండు ఫ్లూట్ ట్రాకులు మాత్రం ఆయన్ని అడక్కుండా ఇవ్వకు. మిగతా పదింటి గురించి మాట్లాడదాం. ఇరవై వేలని పన్నెండుతో భాగిస్తే ఒక్కోటి 1,667 రూపాయలు. తక్కువా ఎక్కువా నేను చెప్పను, పాపకి డైపర్లు కొనేది నువ్వు. కానీ "అన్ని హక్కులతో" అనే మాటకి ధర వేరే. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వడమంటే రాతపూర్వకంగా ఉండాలి, అందులో ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అని అర్థం, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. 2012లో సవరించాక, సినిమాలో వాడిన మ్యూజిక్‌ని హాల్లో సినిమాతో పాటు కాకుండా బయట ఇంకెక్కడ వాడినా వచ్చే రాయల్టీలో కంపోజర్ వాటా అనేది రాసిచ్చెయ్యడానికి కూడా కుదరదు. ఆ డైరెక్టర్ కుర్రాడికి కూడా ఇవేవీ తెలిసుండకపోవచ్చు, ఎవరో పెట్టిన ఫార్మాట్ ఫార్వర్డ్ చేసుంటాడు. నువ్వు అడగాల్సింది ఇది: "ఈ ఒక్క ఫిల్మ్‌లో వాడుకో, ట్రాక్ నాదే ఉంటుంది, నేను బయట రిలీజ్ చేసుకుంటా." దానికి డబ్బు తగ్గిస్తాడు, ఇరవై కాస్తా ఎనిమిదో పదో అవుతుంది. ఒప్పుకుంటే ట్రాకులు నీ దగ్గరే ఉంటాయి, పైగా ఒక ఫిల్మ్ కోసం చేసేటప్పుడు మూడు నిమిషాల సీన్‌కి మూడు నిమిషాలు కట్టాల్సొస్తుంది, నీ నిమిషం జబ్బుకి అది మందు కూడా. ఒప్పుకోకపోతే, నీకు మళ్ళీ తిరిగి చూడాలనిపించని అయిదారు ఏరి పూర్తి హక్కులతో అమ్మెయ్, అదేం పాపం కాదు.

ఒక్క జాగ్రత్త. సన్నాయి, డోలు ట్రాకుల్లో శాంపిల్ ప్యాక్ లూపులు (ఎవరో ముందే రికార్డ్ చేసి పెట్టిన ముక్కలు) వాడానన్నావు. ఆ లూపు నీలాంటి వెయ్యిమంది దగ్గర ఉంటుంది, రాయల్టీ ఫ్రీ అంటే వాడుకోవచ్చని అర్థం, నీ సొంతమని కాదు. అది పూర్తిగా నాదే అని సంతకం పెట్టావనుకో, రేపు యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఎవరి ఆడియో ఎక్కడ వాడారో పట్టే సిస్టమ్) ఇంకెవరి క్లెయిమో వచ్చి పడితే డైరెక్టర్ నీ గల్లా పట్టుకుంటాడు. అవి పక్కనపెట్టు, లేదా మన వైపు డోలు వాయించేవాళ్ళకి కరువా, ఎవరినైనా పిలిచి నీ సొంత లూపులు రికార్డ్ చేసుకో.

ఉద్యోగం మానేసి ఆర్నెల్లు కూర్చుంటానన్న మాట మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది, గానీ లెక్క మాత్రం చెప్తా. స్పాటిఫైలో 2024 నుంచి గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీమ్స్ రాని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ ఏమీ రాదు. ఇన్‌స్ట్రుమెంటల్స్‌కి, అదీ కొత్తవాడికి, వెయ్యి అంటే చిన్న అంకె కాదు, నీ నాలుగు రిలీజుల్లో ఒక్కటే దాటిందని నువ్వే రాశావు. కాబట్టి ఆ ఆర్నెల్ల ఖర్చు నీ భార్య జీతం మీదే నడుస్తుంది, ఆమెని అడిగావా? అడిగాక ఆమె సరే అంటే అది మీ ఇద్దరి నిర్ణయం, నేనెవర్ని. అసలు నీకు ఆర్నెల్లు దొరకాల్సిన పనేముంది, ఏటా పంచాంగమే ఇస్తోందిగా. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢం వస్తే ఉండవు. ఆ రోజుల్లో స్టూడియోలో ఈగలు తోలుకుంటామని నువ్వే అన్నావు. ముహూర్తాలు దంచికొట్టే నెలల్లో పూర్తి చెయ్యాలన్న ఆలోచనే పెట్టుకోకు, బుర్రలో పడ్డ ముక్కలు ఫోన్‌లో హమ్ చేసి పెట్టుకో చాలు. ఆషాఢం రాగానే మూడు, మూడంటే మూడే, ఏరి కూర్చో. ఆర్కెస్ట్రాలో పాతికేళ్ళున్నవాళ్ళెవరినైనా అడుగు, సొంత పనులన్నీ వాళ్ళు ఆషాఢంలోనే చేసుకుంటారు.

డిలీట్ మాత్రం చెయ్యకు. దానికి వేదాంతం ఏమీ లేదు, చోటు పెద్దగా పట్టదు అంతే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అయితే నిమిషానికి దాదాపు 17 ఎంబీ.

నాలుగు పేర్లు, నాలుగు లోగోల గురించి అడగలేదు గానీ చెప్తున్నా. ఇళయరాజా గారు సినిమాలతో ఊపిరి సలపని రోజుల్లోనే 1986లో ఒకటి, 1988లో హరిప్రసాద్ చౌరాసియా గారి ఫ్లూట్‌తో ఇంకోటి, సినిమాకి సంబంధం లేని ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్స్ చేశారు. అంతకంటే సైడ్ ప్రాజెక్ట్ ఏముంటుంది? రెండూ ఆయన సొంత పేరు మీదే వచ్చాయి. నువ్వు నాలుగు పేర్లూ ఉంచుకుంటానంటే ఉంచుకో, స్టైలు మారినప్పుడు వినేవాళ్ళు తికమకపడకుండా ఉంటారు, నిజమే. కాకపోతే ఒక్కో పేజీకి ముప్పైమందే ఉన్నారు, అందరూ ఒకే ముప్పైమంది అని నా అనుమానం, నీ ఫ్రెండ్సే. ఒక పేరు కిందకి తెస్తే కనీసం కవర్ ఆర్ట్ చేసే టైమన్నా కలిసొస్తుంది. వీడియోగేమ్ సౌండ్ల పేజీ మాత్రం నువ్వు రాసిన తీరు చూస్తే సరదాకి చేస్తున్నట్టుంది, దాన్ని దేన్లోనూ కలపకు, పూర్తి చెయ్యాలని కూడా అనుకోకు. ఒక్కటన్నా అలా ఉండాలి.

మా మరదలు అన్న మాటకి సిగ్గుపడ్డానన్నావు. ఆమె అడిగింది ఆల్బమ్ కాదయ్యా, ఒక్కటి పూర్తిగా వినిపించమంది. పాప కోసం చేసినవి ఆమె రోజూ వింటూనే ఉంది, అవి నువ్వే చేశావని ఆమెకి తెలుసా అసలు? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఫోన్‌లో ప్లే చేస్తుంటే యూట్యూబ్‌లోవి అనుకుంటోందేమో. అడుగు.

చివరికి ఆ ఆడియో ఇంటర్‌ఫేస్. నీ దగ్గరున్నదాంట్లో ఏం తక్కువైందో ఎక్కడా చెప్పలేదు, కొత్తదాంట్లో ఎన్ని ఇన్‌పుట్స్ ఉన్నాయో మాత్రం రాశావు, నీ గదిలో వాయించేవాళ్ళు మహా అయితే ఇద్దరు. ఈఎమ్ఐలో ఏదైనా కొనాలని చెయ్యి దురదగా ఉంటే రెండు హార్డ్ డిస్కులు కొను. ఒకటి నీ దగ్గర పెట్టుకుని రెండోది గుంటూరు బ్రాడీపేటలో మీ అత్తగారింట్లో పెట్టు, నెలకోసారి ఎలాగూ వెళ్తారు కదా పాపని చూపించడానికి. కింద బీరువాలో కాదు, అటక మీద.